అడుగున పెట్టిన కాగితం

ఆ మధ్యాహ్నం నా చేతిలో ఉన్న సరుకు ఇదీ. వీధి వైపు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు, దాని వెనక ఇల్లు, ఇంట్లో మాట్లాడని కూతురు, మాట్లాడలేని అల్లుడు, ఇద్దరి తరఫునా తానే మాట్లాడేస్తున్న మా ఆవిడ. వీటికి తోడు అమ్మాయి మెడలో ఎర్రతాడుకి వేలాడుతున్న ఒక తాళంచెవి. మిగతావన్నీ నావి. తాళంచెవి మాత్రం నాది కాదు. కానీ ఊరంతా దానికోసం నా గుమ్మం వైపే చూస్తోంది.

కొండ కింద గని. గనిలోంచి పైకొచ్చే బెల్టు మా పెరటి వెనకగా, సిమెంటు స్తంభాల మీద, గూడ్సు పెట్టెల దాకా రాయిని మోసుకుపోతుంది. ఏళ్ల తరబడి ఆ రొదలోనే తిన్నాం, ఆ రొదలోనే పడుకున్నాం. పొద్దుటినుంచి అది ఆగింది.

ఆగిన బెల్టు మీద పావురాలు వరసగా కూర్చున్నాయి. గాలిలో ఎప్పుడూ తేలే దుమ్ము నేలకి దిగిపోయి, వీధి చివర కొండ అప్పుడే కడిగి ఆరబెట్టినంత దగ్గరగా కనిపిస్తోంది. మామూలుగా మాట్లాడినా అరిచినట్టు వినపడుతోందని జనం గొంతులు తగ్గించారు. మెత్తని ఎండలో, చప్పుడు లేని అడుగులతో, వీధి వీధంతా నిద్రలో నడుస్తున్నట్టుంది. కొట్టుకొచ్చిన మనిషి ఏం కొనాలో మర్చిపోయి, కాసేపు బల్బుల వంక చూసి వెళ్లిపోయాడు.

ఆ బెల్టు స్విచ్చికి వేసిన తాళం మా అమ్మాయిది.

గనిలో కరెంటు పని చేసే మనిషి తీగ ముట్టుకునే ముందు స్విచ్చి దించి, సొంత తాళం వేసి, తన పేరు రాసిన చీటీ తగిలించాలి. వేసినవాళ్లే తీయాలి. పొద్దున అమ్మాయి అలాగే తాళం వేసింది, పాడైన కేబుల్‌ని కోసింది, అతుకు వేయబోతుండగా ఆఫీసు నుంచి కబురు. పైకి వచ్చెయ్, ఇవాళ్టి నుంచి నీకు అర్హత లేదు.

ఎలక్ట్రీషియన్లు ఏడాదికోసారి శిక్షణ తీసుకోవాలి. తీసుకున్నట్టు కాగితం గడువులోగా గవర్నమెంటు భద్రతాఫీసుకి చేరాలి. అందరివీ చేరాయి. మా అమ్మాయి శిక్షణకే వెళ్లలేదు, ఎందుకంటే ఆమె పేరే ఎవరూ పంపలేదు. గడువు నిన్నటితో తీరింది.

ఆ పేర్లూ ఆ కాగితాలూ పంపే పని గని ఆఫీసులో ఒకే మనిషిది. ఆ మనిషే మా అల్లుడు.

"నాన్నా, ఆయన్ని అడుగు, భోంచేస్తారేమో" అంది అమ్మాయి, హాల్లో చాప మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ.

అల్లుడు చెయ్యి చాస్తే అందేంత దూరంలో, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఒకరినొకరు 'నువ్వు' అని పిలుచుకునే జంట. ఈ పూట అతను 'ఆయన' అయిపోయాడు. మా ఇంట్లో మర్యాద పెరిగిందంటే గొడవ ముదిరిందని లెక్క.

"భోంచేస్తారా బాబూ?" అన్నాను.

"ఆకలి లేదు మామయ్యా."

"ఆకలి లేదట."

"విన్నాను. నాకు చెవుడేం లేదు."

కమీషన్ లేని దలాలీ ఇంతకుముందు ఎప్పుడూ చేయలేదు నేను. చేస్తే ఇలాగే ఉంటుంది.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఏదన్నా అనాలంటే గిన్నెలతో అంటుంది. "ఊళ్లో అందరి కాగితాలూ కనపడ్డాయి. పక్కన పడుకునే మనిషి కాగితం మాత్రం కనపడలేదు. కళ్లజోడు మార్పించాలేమో. ఏమే గరిటా, నువ్వేమంటావ్?"

"కనపడక కాదు అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

"మరి?"

బఠాణీ ఒకటి జారి, గచ్చు మీద దొర్లుకుంటూ అతని కాలి దగ్గర ఆగింది. వంగి తీశాడు. ఎవరికివ్వాలో తెలియక గుప్పిట్లోనే పెట్టుకున్నాడు.

అప్పుడే బయట కారు ఆగింది.

గని మేనేజరు లోపలికొచ్చాడు. వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని ఫ్యూజు బాబాయ్. గని ఆఫీసులో ఫ్యాన్లు, లైట్లు, నీళ్ల మోటారు చూసేది ఈయనే. నేల పైన పనికి మాత్రమే ఆయనకి అర్హత కార్డుంది. నా కొట్టుకి వచ్చినప్పుడల్లా ఒక ఫ్యూజు కొని, నాలుగు కబుర్లు ఉచితంగా ఇచ్చిపోతాడు. ఇవాళ నా మొహం కూడా చూడలేదు.

"షావుకారు గారూ, చిన్న పని. తాళంచెవి ఇప్పించండి, వెళ్లిపోతాం" అన్నాడు మేనేజరు.

"కూర్చోండి. అది నా సరుకు కాదు. సరుకుగలావిడ అదిగో."

మేనేజరు అమ్మాయి వైపు తిరిగాడు. "అమ్మా, పొద్దుటినుంచి గని ఆగిపోయింది. ఇచ్చెయ్."

"పని పూర్తి కాకుండా తాళం తీయకూడదు సార్. పూర్తి చేద్దామంటే నాకు కార్డు చెల్లదంటున్నారు."

"తాళం వేసిన మనిషి అందుబాటులో లేకపోతే నేను చెప్పిన మనిషి తీయొచ్చు. అదీ రూలే."

"అందుబాటులోనే ఉన్నానుగా సార్. బఠాణీలు ఒలుస్తున్నాను."

"అదే నేననేది. ఒంట్లో బాగాలేదని ఒక ముక్క రాసిచ్చావనుకో..."

మా ఆవిడ గబగబా వచ్చి అమ్మాయి నుదుటి మీద చెయ్యి వేసింది. "జ్వరమా? ఎప్పటినుంచి? చల్లగానే ఉందే."

ఫ్యూజు బాబాయ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మేనేజరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"సరే, అది వద్దు. ఇంకోటి చెబుతాను. పోయిన బ్యాచి శిక్షణలో నీ పేరు చేర్పిస్తాను. నేర్పే ఆయనతో మాట్లాడాను. నువ్వు ఒక్క సంతకం పెట్టు. నువ్వే దిగి నీ పని పూర్తి చేసుకో, నీ తాళం నువ్వే తీసుకో. నీ కార్డు నీకుంటుంది. మీ ఆయన పొరపాటు నాలుగు గోడలు దాటదు."

"ఆ శిక్షణకి నేను రాలేదు సార్."

"వచ్చినట్టే అనుకో. అందులో నీకు రానిదేముంది?"

అమ్మాయి ఒలవడం ఆపింది. గిన్నెలో చెయ్యి పెట్టి ఆకుపచ్చ గింజల్ని నీళ్లలా కదుపుతూ కూర్చుంది.

"ఆలోచించుకో" అంటూ మేనేజరు లేచాడు. "కాదంటే సంజాయిషీ రాసుకోవాల్సింది మీ ఆయన. తర్వాత ఆ కుర్చీలో ఆయన ఉంటాడని నేను హామీ ఇవ్వలేను." గుమ్మం దగ్గర నాకోసం ఒక మాట అట్టేపెట్టాడు. "కేబుల్, గ్లౌజులు, టేపు, మీ దగ్గర ఎక్కువ తీసుకునేది మేమే కదండీ. దీపాలు పెట్టే వేళకి మళ్లీ వస్తాను."

వాళ్లు వెళ్లాక ఇల్లు మరీ నిశ్శబ్దమైంది. బెల్టు మీద పావురాలు గొణుక్కునే చప్పుడు హాల్లోకి వినపడింది.

నేను వ్యాపారిని. ఎదుటివాడు ధర చెప్పగానే లోపల తక్కెడ దానంతటదే ఊగుతుంది. ఒక పక్క ఒక్క సంతకం. ఇంకో పక్క అమ్మాయి ఉద్యోగం, అల్లుడి కుర్చీ, నా పెద్ద ఖాతాదారు. ఇంత చవక బేరం వదులుకునేవాడు కొట్టు కట్టేసుకోవడం మంచిదనిపించింది.

కొట్లోకి వచ్చి కూర్చున్నాను. ఎండ వాలి, వేలాడే దీపపు గిన్నెల్లో ఎర్రగా నిండింది. బొంగరాల్లా చుట్టిన రాగితీగ గోడ పొడవునా మెరుస్తోంది. ఒక్క క్షణం కన్ను మూతపడిందేమో, ఆ తీగంతా విడివడి, గచ్చు మీదుగా, వీధిలోకి, కొండ కిందికి నెమ్మదిగా ప్రవహించిపోతున్నట్టు అనిపించింది. కళ్లు తెరిచేసరికి అమ్మాయి ఎదురుగా స్టూలు మీద ఉంది.

"బేరం చవకే అమ్మా" అన్నాను.

"నువ్వు అలాగే అంటావని తెలుసు."

"నువ్వు దిగి నువ్వే పని చేస్తే ఎవరికి నష్టం? నీకు చేతకాని పని కాదుగా."

"చేతవును. నాకేం కాదు. బెల్టు తిరుగుతుంది. అదీ నిజమే."

"మరి?"

ఆమె బల్బులు పరీక్షించే బోర్డు మీదున్న బల్బు వెలిగించింది, ఆర్పింది. "కింద ఒక్కోసారి దీపాలన్నీ ఆర్పేసి కూర్చుంటాం నాన్నా, తిండి తిన్నాక. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. నీ చెయ్యి నీకు కనపడదు. నువ్వున్నావో లేదో నీకే తెలియదు. బాగుంటుంది. భయం వెయ్యదు. ఎందుకో తెలుసా? స్విచ్చి మీద ఒక చీటీ ఉంటుంది. దాని మీద మనిషి పేరుంటుంది. ఆ పేరున్న మనిషి పని నేర్చుకున్నాడు, చూసుకున్నాడు, అప్పుడే తాళం వేశాడు అని నమ్మి తీగ మీద చెయ్యి వేస్తాను. ఇవాళ నేను రాని శిక్షణకి వచ్చినట్టు రాస్తే, రేపు ఇంకొకడు రాస్తాడు. అప్పుడు ఏ పేరు చూసి చెయ్యి పెట్టను?"

నా దగ్గర దీనికి రేటు లేదు. వేరే దారి పట్టాను.

"సరే. ఉత్త తాళంచెవి ఇస్తే?"

"కోసిన కొసలు రెండూ తడినేల మీద ఉన్నాయి. కప్పి కూడా రాలేదు, అంత తొందరగా పిలిచేశారు. ఫ్యూజు బాబాయ్‌ని కారులో తోడు కోసం తిప్పుతున్నారనుకున్నావా? ఆయన్ని దింపి అతుకు వేయిస్తారు. ఆయన ఫ్యాన్ బాగుచేసే చేత్తోనే అది కూడా వేస్తాడు. కాదనలేడు పాపం, మెత్తని మనిషి."

ఇక్కడ నాకు నా వ్యాపారం గుర్తొచ్చింది. "అవతలి కొండ గనిలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడుగా? టేపు నా దగ్గరే కొంటాడు. కార్డూ గీర్డూ అన్నీ సరిగ్గా ఉన్న మనిషి. అతన్ని పిలిపిస్తే సరిపోదూ?"

"పొద్దున్నే చెప్పాను సార్‌కి. వద్దన్నారు. బయటి మనిషిని ఎందుకు పిలిచారని భద్రతాఫీసు అడుగుతుందట."

పక్క కొట్లో దొరికే సరుకు వద్దని, నా కొట్లోదే కావాలని పట్టుబట్టేవాడికి కావాల్సింది సరుకు కాదు. మేనేజరు తాళంచెవి కొనడానికి రాలేదు. మా నోళ్లు కొనడానికొచ్చాడు. ధర మాత్రం తాళంచెవి ధర చెప్పాడు. తక్కెడలో రెండో పళ్లెం మీద ఇంతసేపూ ఒక వేలు పెట్టి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"నువ్వు సంతకం పెట్టకు."

ఈ మాట అన్నది నేను కాదు. ఇంటికీ కొట్టుకీ మధ్య తలుపులో అల్లుడు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో.

అమ్మాయి తల తిప్పలేదు. "నాన్నా, ఆయనకి చెప్పు, ఎందుకు పంపలేదో ముందు చెప్పమని."

"నీ కాగితం అడుగున పెట్టాను" అన్నాడు. "కావాలనే."

"కావాలనా!"

"మీ అందరి కాగితాలూ నా బల్ల మీదికి వస్తే అక్షరాల వరసలో నీ పేరే మొదట ఉంటుంది. ఆఫీసులో అందరూ చూస్తుంటారు. పెళ్లాం కాగితం ముందు పంపించుకున్నాడని అంటారని, తీసి అడుగున పెట్టేవాణ్ణి. ప్రతి ఏడూ అంతే. ఎప్పుడూ ఆఖర్న వెళ్లేది, కానీ వెళ్లేది. ఈసారి పైనున్నవి అయ్యేసరికి బ్యాచి నిండిపోయింది. తర్వాతి బ్యాచిలో పంపుదామనుకున్నాను. గడువులోపల ఇంకో బ్యాచి పెట్టలేదు."

"నాకు ఒక్క ముక్క చెప్పచ్చుగా?"

"చెబితే నువ్వు అడుగుతావు. పంపితే పెళ్లాం అడిగిందని పంపినట్టవుతుంది."

అమ్మాయి అప్పటికి అతని మొహంలోకి చూసింది. "అంటే నేను నీ పెళ్లాన్ని కాకపోయుంటే, ఇవాళ కింద హాయిగా నా పని చేసుకుంటూ ఉండేదాన్ని."

"అవును."

"అవునా! అవునంటాడు చూడు నాన్నా! కొంచెమైనా అబద్ధం ఆడొచ్చు కదా!"

కోపం మొత్తం దిగకపోయినా 'ఆయన' పోయి 'నువ్వు' వచ్చింది. నేను గమనించనట్టు బల్బుల మీద దుమ్ము తుడిచాను. అయినవాళ్లకి ముందు పంచి మునిగినవాళ్లని బజార్లో చాలామందిని చూశాను. అయినవాళ్లకి ఆఖర్న పంచి మునిగినవాణ్ణి ఇదే చూడ్డం.

అల్లుడు కౌంటరు దగ్గరికొచ్చి నా కలం తీసుకున్నాడు. వెలుగుతున్న బల్బు కింద వంగి రాయడం మొదలుపెట్టాడు. మా ఆవిడ తడి చేతులతో తలుపు దాకా వచ్చింది. జరుగుతున్నది కాసేపు చూసింది.

"ముందు అన్నం తినండి. తర్వాత రాద్దురు" అంది. గిన్నెతో కాదు, అతనితోనే.

"రాశాక తింటాను అత్తయ్యా. తింటే ధైర్యం తగ్గుతుందేమో."

రాసింది నాకు చదివి వినిపించాడు. ఎలక్ట్రీషియన్ పేరు శిక్షణకి పంపడంలో ఆలస్యం చేసింది నేను, ఆమె తప్పు ఇందులో లేదు, ఆమె తాళం వేసిన స్విచ్చి ఇంకా తాళంలోనే ఉంది, అర్హత ఉన్న మనిషి వచ్చేదాకా అలాగే ఉండాలి. కింద సంతకం. అమ్మాయి కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకుని చదివి, ఒక మాట దిద్దించి, తిరిగిచ్చింది. అతను ఫోనుతో ఫోటో తీసి భద్రతాఫీసుకి పంపాడు. అందినట్టు జవాబు వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి.

కారు మళ్లీ వచ్చింది.

మేనేజరు ఆ కాగితాన్ని నా కొట్లో, తల మీద రకరకాల దీపాలు వేలాడుతుండగా, నిలబడే చదివాడు. పచ్చని వెలుగు, నీలం వెలుగు మొహం మీద పడి, నీళ్ల కింద నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"పంపించేశావా?"

"పంపించేశాను సార్."

"నీకు మతి ఉందా?" గొంతు పెద్దది చేయలేదు. ఈ రోజు ఎవరూ చేయలేకపోతున్నారు. "రేపు భద్రతాఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చుంటాడు. ఇవాళ్టినుంచి నీకు ఆఫీసుతో పనిలేదు. బీరువా తాళాలు ఇలా ఇచ్చెయ్."

అల్లుడు జేబులోంచి తాళాల గుత్తి తీసి ఇచ్చాడు.

నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. "ఇప్పుడు దాచడానికి ఏం మిగల్లేదు కదండీ. అవతలి గని అబ్బాయికి చెయ్యమంటారా?"

మేనేజరు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత తలూపాడు. పొద్దున్నే వస్తానన్నాడు ఆ ఎలక్ట్రీషియన్. అమ్మాయి అతనితో దిగి ఎక్కడ వదిలిందో చూపిస్తుంది. అతను అతుకు వేశాక తన తాళం తాను తీసుకుంటుంది. ఇంతసేపూ ఇంతమందిమి కొట్టుకు చచ్చిన పని ఒక్క ఫోనుతో కుదిరింది.

"మీ గ్లౌజులు ఇక వేరేచోట చూసుకుంటాం" అని మేనేజరు మెట్లు దిగాడు.

ఫ్యూజు బాబాయ్ దిగలేదు. "ఫ్యూజు తీగ కొనుక్కోవాలి సార్, నడిచొస్తాను" అన్నాడు. కారు వెళ్లింది. ఆయన తీగ అడగలేదు.

"ఏం ఫ్యూజూ, ఏం కావాలి?"

"ఒక కాగితం ఉంటుందా షావుకారు గారూ? కలం కూడా."

"ఎందుకయ్యా?"

ఆయన స్టూలు మీద కూర్చుని, చెప్పులు పక్కన పెట్టుకున్నాడు. "బాబు రాశాడుగా. చూస్తే నాకూ రాయబుద్ధయింది. ఇంట్లో రాస్తే మా ఆవిడ చింపేస్తుంది." అమ్మాయి వైపు తిరిగాడు. "నన్ను దింపబోయింది ఇవాళే కాదమ్మాయ్. వానలప్పుడు చాలాసార్లు దింపారు. గని కింద నీళ్లు తోడే పంపు కేబుల్ వారం వారం చూడాలట కదా. నువ్వు బెల్టు దగ్గర తీరిక లేకుండా ఉన్నావని నన్ను పంపేవాళ్లు. చూశాను. చూశానంటే, లైటు వేసి చూశాను. మెరుస్తూ బాగానే ఉంది. నాకేం తెలుస్తుంది అక్కడ? పైకొచ్చాక, చూసినట్టు రాసే కాగితం మీద నా పేరు ఉండకూడదన్నారు, నాకు కింద పనికి కార్డు లేదట."

"మరి ఎవరి పేరుంది బాబాయ్?"

ఆయన పైన దీపాల వంక చూశాడు. "నీదే."

గాలికి దీపపు గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి.

"సంతకం?"

"ఎవరు పెట్టారో నేను చూళ్లేదు తల్లీ. నేను మాత్రం పెట్టలేదు. ఒట్టు."

అమ్మాయి ఒక్కో వేలూ ముడుస్తూ పోయింది. ఆ పంపు దగ్గరికి తను వెళ్లని వారాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆమె పేరు నమ్మి ఆ కేబుల్ పక్కన ఎందరు నడిచారో. తర్వాత మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"వారం కాగితాలు నీ బల్ల మీదుగానే వెళ్తాయి కదా?"

"అవును."

"అది నా సంతకం కాదని తెలియలేదా నీకు?"

అల్లుడు కౌంటరు అంచు పట్టుకున్నాడు. "నేను చూడలేదు. నీ పేరున్నది వస్తే చదవకుండానే ఫైల్లో పెట్టేవాణ్ణి. నీ పని నేను తనిఖీ చేసినట్టు ఉంటుందని... నీకు చిన్నతనమని..."

ఈసారి ఆమె అరవలేదు. అరుస్తుందనే నేను, మా ఆవిడ, ఫ్యూజు బాబాయ్ ముగ్గురం అనుకున్నాం.

"అసలు నా సంతకం ఎలా ఉంటుందో తెలుసా నీకు?"

"పెళ్లి రిజిస్టరులో పెట్టినప్పుడు పక్కనే ఉన్నాను" అన్నాడు. "కానీ కాగితం చూడలేదు. నిన్ను చూస్తున్నాను."

తలుపు దగ్గర మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్యూజు బాబాయ్ తన ఖాళీ కాగితం మీదికి వంగి, ఏదో రాస్తున్నట్టు నటించాడు.

అమ్మాయి బల్బు పెట్టె మీది అట్ట చింపింది. కలం లాక్కుని, నెమ్మదిగా, ప్రతి వంపూ కనపడేలా సంతకం పెట్టింది. మొదటి అక్షరం పెద్దది. చివర గీత స్క్రూ కింద బిగించిన తీగలా వెనక్కి తిరిగి, మొదటి అక్షరాన్ని ముట్టుకుని ఆగుతుంది. నేను కన్నతండ్రిని. ఆ సంతకం నేనూ ఇంతవరకూ సరిగ్గా చూడలేదు.

అల్లుడు దాన్ని రెండు చేతుల్తో తీసుకున్నాడు. వెలుగులో పెట్టుకుని, వేలితో ఆ గీత మీదుగా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ వెళ్లాడు.

"రేపు ఇన్‌స్పెక్టరు ముందు, నా పేరున్న కాగితాలన్నీ తీయి" అంది. "ఇలా లేనివి వేరే పెట్టు. ఎవరన్నా ఏమన్నా అనుకోనీ."

"తీస్తాను." అతని వేలు గీత మధ్యలో ఆగింది. "కానీ బీరువా తాళాలు..."

ఆ కాగితాలున్న బీరువా తాళాలు ఇప్పుడు మేనేజరు జేబులో ఉన్నాయి. మేనేజరు కారు వెళ్లిన వైపు, గని ఆఫీసులో, ఇంతకుముందు చీకటిగా ఉన్న ఒక కిటికీ వెలిగింది. ఫ్యూజు బాబాయ్ ఆ కిటికీని ఒకసారి చూశాడు. కాగితం మీద నిజంగానే రాయడం మొదలుపెట్టాడు, తొందరగా.

కొట్టు తలుపు ఒక రెక్క వేసి, నిలబడే లెక్క కట్టాను. పోయినవి: అల్లుడి ఉద్యోగం, నా పెద్ద ఖాతాదారు, అమ్మాయి పేరు మీద ఊరికున్న నమ్మకం ఎంత పోతుందో ఇంకా తేలలేదు. వచ్చినవి: పిరికిమనిషి రాస్తున్న ఒక కాగితం, అందులో అప్పటికి మూడు వరసలు. అట్టముక్క మీద ఒక సంతకం. దాన్ని కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టేలా నేర్చుకుంటున్న ఒక మొగుడు.